గాల్లో ఆగే ఇంజినుకు నేలమీదే మందు!

బొమ్మ విమానం ఇంజిను గాల్లో ఆగిపోయినా, రెక్కల పుణ్యమా అని కాస్త దూరం జారుకుంటూ వచ్చి ఎక్కడో ఓచోట వాలుతుంది. బొమ్మ హెలికాప్టరుకు ఆ వెసులుబాటు తక్కువ. ఇంజిను ఆగిన మరుక్షణమే బ్లేడ్ల కోణం తగ్గించాలి. కిందికి పడే వేగంతోనే అవి తిరుగుతూ ఉండేలా చూసుకుని, నేల దగ్గరపడ్డాక కోణం పెంచి మెల్లగా దించాలి. ఆటోరొటేషన్ అనే ఈ విద్య అబ్బడానికి చాలా సాధన కావాలి. అది రానివాళ్లకు మిగిలేది విరిగిన బ్లేడ్లూ వంగిన షాఫ్టూ ఖాళీ అయిన జేబూ!

ఇప్పుడు ఎక్కువమంది ఎగరేస్తున్నవి బ్యాటరీ హెలికాప్టర్లే. అయినా ఆ పొగా ఆ చప్పుడూ ఇష్టపడేవాళ్లు నైట్రో రకాన్ని వదల్లేదు. ఒకప్పుడు ఎగరేసి అటకెక్కించిన హెలికాప్టరుని పిల్లలకు చూపిద్దామని దించే నాన్నలూ ఉంటారు. అలాంటి వాళ్లందరికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఒకటే... ఇంజినుకు ఇంధనం సరిగా అందకపోవడం. అప్పుడు చాలామంది చేసే పని, స్క్రూడ్రైవరు తీసుకుని కార్బ్యురేటరు నీడిల్ తిప్పేయడం. నిజానికి అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సింది దాన్నే.

ఇంధనమే నూనె కూడా!

ఈ ఇంజిన్లలో పోసేది పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన మిశ్రమం. హెలికాప్టర్లకు సాధారణంగా 15 నుంచి 30 శాతం నైట్రోమీథేన్ ఉన్న రకం వాడతారు. వీటికి స్పార్కు ప్లగ్ ఉండదు. అమెరికాకు చెందిన రే ఆర్డెన్ 1947లో మార్కెట్లోకి తెచ్చిన గ్లో ప్లగ్ లాంటిదే నేటికీ వాడుతున్నారు. అందులో ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఇంజిను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా ఫర్వాలేదు. మిథనాల్‌కీ ప్లాటినానికీ మధ్య జరిగే చర్యా, లోపలి వేడీ కలిసి ఆ తీగని ఎర్రగానే ఉంచుతాయి.

గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. గ్రాము మిథనాల్‌కు 6.4 గ్రాములు చాలు. అంటే అంతే గాలికి రెట్టింపుకన్నా ఎక్కువ ఇంధనం కావాలన్నమాట. అదంతా సన్నటి సిలికాన్ గొట్టంలోంచే రావాలి. పైగా ఈ ఇంజినుకు విడిగా ఆయిల్ పోయరు. ఇంధనంలో కలిసిన నూనే పిస్టన్‌ని కాపాడాలి. ఇంధనం తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే. అందుకే గాలి ఎక్కువై ఇంధనం తక్కువైతే ఇంజిను ఆగడంతో సరిపోదు, విపరీతంగా వేడెక్కి పిస్టన్, సిలిండరు గీసుకుపోతాయి. గాలి ఎక్కువైన ఈ స్థితినే హాబీ భాషలో ‘లీన్’ అంటారు. ఇంధనం ఎక్కువైతే ‘రిచ్’.

రెండో చిల్లు కథ

నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే ధార సరిగా రాదు. గాలి లోపలికి వెళ్లడానికి రెండోది పెట్టాల్సిందే. ఇక్కడా అంతే. ఈ హెలికాప్టర్లలో చాలావాటికి ఇంధనం పంపు ఉండదు. సైలెన్సరు నుంచి ఓ గొట్టం ట్యాంకుకు వస్తుంది. పొగ ఒత్తిడి దాని ద్వారా ట్యాంకులోకి చేరి ఇంధనాన్ని కార్బ్యురేటరు వైపు నెడుతుంది. ఆ గొట్టం మసితో పూడినా, ఊడినా, సైలెన్సరు బిగింపు వదులైనా ఒత్తిడి పోతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఏ లోపమూ కనిపించదు. థ్రాటిల్ పెంచగానే ఇంజిను ఎండిపోయినట్టు అరిచి ఆగుతుంది.

ట్యాంకు లోపల ఇంకో గొట్టం, దాని చివర ఓ చిన్న బరువూ ఉంటాయి. హెలికాప్టరు ఎటు ఒరిగితే ఇంధనం అటు వెళుతుంది, బరువు కూడా దాని వెంటే జారుతుంది. గొట్టం పాతబడి గట్టిపడితే బరువు కదలదు. ఓసారి ముక్కు నేలకు కొట్టుకుందంటే గొట్టం మడతపడి ముందువైపే ఉండిపోవచ్చు. పైకి చూస్తే ట్యాంకు నిండుగానే కనిపిస్తుంది. గాల్లో కాస్త వంగగానే మాత్రం ఇంజిను ఆగిపోతుంది.

బుడగ ఎక్కడ మొదలైంది?

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగా ఎగిరి, సగం అయ్యాక ఆగిపోతోందా? అనుమానం ట్యాంకు లోపలి గొట్టం మీదే. దానికి సన్నటి చిల్లు పడితే, ఆ చిల్లు ఇంధనంలో మునిగి ఉన్నంతసేపూ ఇబ్బంది ఉండదు. మట్టం దిగగానే అక్కడినుంచి గాలి పీల్చుకుంటుంది.

ప్రధాన ట్యాంకుకూ ఇంజినుకూ మధ్య ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న హెడర్ ట్యాంకు ఉంటే పని తేలిక. బుడగలు దానికన్నా ముందే కనిపిస్తే లోపం పెద్ద ట్యాంకుదీ దాని గొట్టానిదీ. హెడర్ దాటాకే కనిపిస్తే ఫిల్టరునీ ఆ తర్వాతి అతుకుల్నీ చూడాలి. బుడగలకు బదులు తెల్లటి నురగ వస్తుంటే అది వణుకు పుణ్యం. ట్యాంకు ఫ్రేముకు నేరుగా తగులుతోందేమో చూసి, మధ్యలో మెత్తటి రబ్బరు పెట్టాలి. బ్లేడ్ల బ్యాలెన్సు కూడా సరిచూసుకోవాలి.

లీకు పట్టడానికి సైకిల్ షాపు పద్ధతే మేలు. ట్యాంకు ఖాళీచేసి బయటికి తీయండి. ఒక్క గొట్టం తప్ప మిగతావన్నీ మూసేయండి. ఆ ఒక్కదాంట్లోకి సిరంజితో మెల్లగా గాలి పంపుతూ ట్యాంకుని నీళ్ల బకెట్లో ముంచితే చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. నోటితో మాత్రం ఊదొద్దు, పీల్చొద్దు. తర్వాత బాగా ఆరబెట్టి బిగించాలి. గొట్టాల ధర తక్కువే కాబట్టి అనుమానం ఉన్నదాన్ని మార్చేయడమే మంచిది.

అందరికన్నా చివర నీడిల్

వరస ఇలా పెట్టుకోండి. ముందు కొత్త గ్లో ప్లగ్, తాజా ఇంధనం. మిథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. మూత సరిగా లేని సీసాలోని పాత ఇంధనంతో ఏ ఇంజినూ సరిగా నడవదు. తర్వాత సైలెన్సరు గొట్టం, ట్యాంకు లోపలి బరువు, బయటి గొట్టాలు, ఫిల్టరు... ఆపైన కార్బ్యురేటరు స్క్రూలూ దాని కింది రబ్బరు రింగూ. ఆ రింగు ఎండిపోతే పక్కనుంచి గాలి చొరబడి, ఇంజిను ఓసారి పెరుగుతూ ఓసారి తగ్గుతూ నిలకడ లేకుండా తిరుగుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే నీడిల్. ఇంజినుతో వచ్చిన పుస్తకంలో చెప్పినన్ని చుట్లు తెరిచి, కాస్త రిచ్‌గా మొదలుపెట్టాలి. ఎగిరేటప్పుడు వెనక తెల్లటి పొగ కనిపిస్తుంటే నూనె అందుతున్నట్టే. పొగ పోయి, చప్పుడు సన్నబడితే వెంటనే దించేయాలి. ఒకసారికి ఒకటి రెండు క్లిక్కులే తిప్పాలి. మే నెలలో కుదిర్చిన నీడిల్ డిసెంబరు ఉదయానికి సరిపోదు. చలిగాలి చిక్కగా ఉంటుంది, అప్పుడు ఇంధనం ఇంకాస్త కావాలి. చిల్లుపడ్డ గొట్టాన్ని వదిలేసి నీడిల్ తెరిస్తే కాసేపు బాగున్నట్టే అనిపిస్తుంది. చిల్లు పెద్దదయ్యాక ఆగేది మళ్లీ గాల్లోనే!

ఇంజిను ముంచెత్తినా ముప్పే. ట్యాంకు నింపాక ఇంధనం సిలిండర్లోకి దిగిపోతే స్టార్టరు గట్టిగా నొక్కొద్దు. ద్రవం కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి, ఇంజినుని నెమ్మదిగా తిప్పి, ఇంధనం బయటికి పోనివ్వాలి.

పిల్లలు పక్కనుంటే...

మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి వెళ్లినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కాబట్టి దాన్ని మంచినీళ్ల సీసాల్లోనో కూల్‌డ్రింకు సీసాల్లోనో ఎప్పుడూ పోయొద్దు. పేరు రాసి, తాళం వేసిన చోట ఉంచాలి. దాని మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

స్టార్ట్ చేసేటప్పుడు రోటర్ హెడ్‌ని ఓ చేత్తో గట్టిగా పట్టుకోవాలి. 1.2 మీటర్ల వ్యాసమున్న రోటరు నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే, బ్లేడు కొస వేగం గంటకు 400 కిలోమీటర్ల పైమాటే. నీడిల్ తిప్పాలన్నా, గొట్టం తడమాలన్నా బ్లేడ్లు పూర్తిగా ఆగాకే. చూడ్డానికి వచ్చిన పిల్లల్ని బాగా దూరంగా, పెద్దవాళ్ల పక్కనే నిలబెట్టాలి.

సాయంత్రం ఆట ముగిశాక ట్యాంకులో ఇంధనం మిగల్చొద్దు. గొట్టాల్లో ఉన్నది కూడా ఖర్చయ్యేదాకా ఇంజినుని నడిపి, నాలుగు చుక్కలు తుప్పు పట్టనివ్వని నూనె వేసి దాచండి. ఏ రోజు ఏ గొట్టం మార్చారో, నీడిల్ ఎన్ని క్లిక్కులు తిప్పారో ఓ చిన్న పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఆ పని పిల్లలకు అప్పగిస్తే, వచ్చే ఆదివారానికి ఇంజిను ఎందుకు ఆగిందో వాళ్లే చెప్తారు!