గూళ్ల దుడ్డులో మొదటి వాటా పురుగులకే



మొన్న శిడ్లఘట్ట మార్కెట్‌లో వేలం ముగిసినాక టీ తాగుతా ఉంటే పక్కనున్న పెద్దాయన ఒక మాటన్నాడు. “గూళ్లు బాగా అయినాయి, రేటూ పరవాలేదు. అయినా చాకీకి మళ్లీ అప్పే చేయాల.” అందరం నవ్వినాం. కానీ ఆ మాట మనలో చాలామందిది.

దుడ్డు తక్కువై మాత్రమే ఇట్ల జరగడం లేదు, లెక్క తప్పడం వల్ల కూడా జరుగుతా ఉంది అని నా అభిప్రాయం. గూళ్లకు వచ్చిన దుడ్డంతా మన సంపాదన కాదు. చాకీ పురుగులు, బ్లీచింగ్ పొడి, సున్నం, విజేత, తోటకు ఎరువు, ఆకు కోతకు కూలి... వచ్చే పంట పెట్టుబడి అంతా అందులోనే ఉంది. మనం ముందు చీటీ కంతు, అంగడి బాకీ, పెళ్లి చదివింపులు చూసుకుంటాం. మిగిలింది పురుగులకు అంటాం. మిగలదు.

నా సంగతే చెప్తాను. ఒకసారి నాలుగో జ్వరం లేచినాక పాలరోగం తగిలి పంట మొత్తం గుంత తీసి పూడ్చినాను. మళ్లీ సాకడానికి నూటికి మూడు రూపాయల వడ్డీతో 20 వేలు తెచ్చినాను. ఒక పంటలో తీర్చేస్తా, నెలకు 600 ఏం లెక్క అనుకున్నా. తర్వాతి పంట అంతంతమాత్రం. అసలు తీరేసరికి 14 నెలలు పట్టింది, వడ్డీకే 8,400 పోయింది. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. ఇంట్లో ఉన్న కమ్మలు బ్యాంకులో పెట్టుంటే అందులో మూడో వంతు కూడా అయ్యేది కాదు.

వడ్డీ పోతే పోయింది, నా మాట కూడా పోయింది. వేలంలో రేటు తక్కువ పలికితే వద్దని, ఇంకో సుత్తు చూసే హక్కు రైతుకు ఉంది. అప్పిచ్చినాయన ఫోన్ మోగుతా ఉంటే నేను తల ఊపేసినాను. చాకీ పురుగులు హెచ్చుతగ్గులుగా వచ్చినా బాకీ ఉంది కాబట్టి నోరెత్తలేకపోయినాను. చేతిలో పెట్టుబడి ఉన్నవాడే బేరం ఆడగలడు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒకటే నియమం. గూళ్ల దుడ్డు ఖాతాలో పడిన రోజే, పోయిన పంటకు ఎంత ఖర్చయిందో అంత తీసి వేరే ఖాతాలో వేస్తాం. పోస్టాఫీసు పుస్తకం అయినా చాలు. దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు. పుస్తకం నా భార్య పేరు మీద ఉంది. రాత్రి పదింటికి లేచి ఆకు వేసేది ఆమే, పురుగుల దుడ్డు విలువ నాకంటే ఆమెకే బాగా తెలుసు.

“ఉన్న అప్పు తీర్చకుండా దాచుకోవడం ఏమి తెలివి?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కసారిగా వద్దు. పంటకు పావు వంతు చొప్పున పెట్టుబడి పక్కన పెట్టండి, మిగతాదాంట్లో ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చండి. ఏడాదికి ఐదు పంటలు తీసే ఇంట్లో నాలుగో పంటకు పురుగుల దుడ్డు నిండుతుంది. అంతా అప్పుకే కట్టేస్తే, వచ్చే నెల చాకీకి మళ్లీ అదే గడప తొక్కాల.

ఇంకో సంగతి. ఊర్లో అందరి పంటా ఒకే రోజు రాదు. ఈరోజు గూళ్లు అమ్మినవాడి దుడ్డు కొన్నాళ్లు ఊరికే ఉంటుంది, రేపు చాకీ దించుకునేవాడికి అప్పుడే అవసరం. పది ఇండ్లు కలిసి పంటకు తలా 500 వేస్తే అప్పటికప్పుడు 5 వేలు, నాలుగు పంటలకు 20 వేలు. షరతులు గట్టిగా ఉండాల. పురుగులకు, మందులకు మాత్రమే ఇవ్వాల. వడ్డీ నూటికి రూపాయి. గూళ్లు అమ్మిన రోజే తిరిగి కట్టాల. పంట పోయినవాడికి ఒక పంట గడువు, ఆ గడువుకు వడ్డీ లేదు. ఖాతా ఇద్దరి సంతకాలతో, లెక్క అందరికీ కనబడేలా. చుట్టరికం చూసి షరతు సడలిస్తే ఆ నిధి రెండో పంటకే ఖాళీ.

పైసంపాదన కూడా మన తోటలోనే ఉంది. పురుగులు వదిలిన ఆకు, కొమ్మలు ఆవుకు వేస్తే పాలదుడ్డు. షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువైన ఆకు అమ్ముకోవచ్చు. కత్తిరింపుకు వచ్చిన మంచి కడ్డీలు కొత్తగా తోట పెట్టేవాళ్లకు పనికొస్తాయి. ఈ చిల్లర జేబులో వేసుకుంటే ఆ సాయంత్రానికే కరిగిపోతుంది. అదీ ఆ పుస్తకంలోనే వేయండి.

వచ్చే మార్కెట్ రోజు దుడ్డు పడగానే, ఇంటి దారి పట్టకముందే ఆ వాటా తీసిపెట్టండి. మీ ఊర్లో ఇట్లాంటి నిధి నడుస్తా ఉంటే, ఏ షరతు పనిచేసింది, ఏది చెడగొట్టింది అని గ్రూపులో ఒక వాయిస్ పెట్టండి. మిగతావాళ్లకు దారి అవుతుంది.