ఇయర్‌బుక్ పిల్లలే చేయాలి

ఏటా చాలా స్కూళ్లలో ఇయర్‌బుక్ వస్తుంది. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో డీటీపీ షాపుకు వెళ్తాయి, నిగనిగలాడే పుస్తకం తిరిగొస్తుంది. ముందు పేజీల్లో ర్యాంకర్లు, తర్వాత యాన్యువల్ డే డాన్సులు. ఈ పనిని తొమ్మిదో తరగతి కంప్యూటర్ ప్రాజెక్టుగా పిల్లల చేతికే ఇచ్చి, డిజిటల్ పుస్తకంగా తేవాలని ఒక కంప్యూటర్ టీచర్‌గా నా అభిప్రాయం. పేజీలు కాస్త వంకరగా వచ్చినా పర్వాలేదు.

'పదో తరగతి ముందుంది, ఇప్పుడివన్నీ ఎందుకు సార్?' అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. వారానికి ఒక ల్యాబ్ పీరియడ్ చాలు. పైగా ల్యాబ్‌లో చెప్పేవన్నీ ఇక్కడ పనికొస్తాయి. వందల ఫొటోలకు తేదీ, సెక్షన్ తెలిసేలా పేర్లు పెట్టాలి. ఏ4 పేజీ నిండా వచ్చే ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీయాలంటే 2480 × 3508 పిక్సెల్స్ కావాలి. ఆ లెక్క వాళ్లే వేసుకోవాలి. తెలుగు పేజీని అను ఫాంట్‌లో టైప్ చేస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అక్షరాలన్నీ పిచ్చి గీతలు. ఉచితంగా దొరికే 'మండలి' లాంటి యూనికోడ్ ఫాంట్ ఎందుకు వాడాలో అప్పుడు చెప్పకుండానే అర్థమవుతుంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైంది ఒక ఎక్సెల్ షీటు. ఒక్కో వరుసలో ఒక్కో విద్యార్థి పేరు, ఎదురుగా ఆ పిల్లలు కనిపించే పేజీలు, చివర్లో మొత్తం. లెక్క తేలాక కొందరి పేరు దగ్గర పన్నెండు ఉంటుంది, కొందరి దగ్గర సున్నా. డాన్సులో లేరు, ఆటల్లో లేరు, ర్యాంకు రాలేదు, లేదా మధ్యలో చేరారు. డీటీపీ షాపుకు ఈ సున్నా కనిపించదు. పక్క బెంచీ పిల్లలకు కనిపిస్తుంది. వాళ్లే వెళ్లి అడగాలి: 'నీ పేజీలో ఏం పెడదాం?' బొమ్మ కావచ్చు, రెండు వాక్యాలు కావచ్చు. సున్నాలు పోయేదాకా పుస్తకం పూర్తయినట్టు కాదని నియమం పెట్టాలి.

ఫొటో వద్దనే ఇళ్లూ ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. అనుమతి పత్రంలో 'వద్దు' అని టిక్ పెట్టినవారిని కారణం అడగకూడదు. ఆ విద్యార్థికి బొమ్మతోనో రాతతోనో చోటు ఎలాగూ ఉంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎక్కడ తీశారో కూడా నమోదై ఉండొచ్చు. దాన్ని తీసేయడం పిల్లలకు నేర్పాలి. పూర్తయిన పుస్తకం పేరెంట్ లాగిన్‌లోనే ఉండాలి తప్ప ఫేస్‌బుక్‌లో కాదు.

మీరు చేయాల్సింది కొంచెమే. డిజైనర్ బాబాయితో పేజీ చేయించి పంపకండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. వాటితో పాటు మీ అమ్మాయి, అబ్బాయి పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో రాసి ఇవ్వండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి దీర్ఘం ఎక్కడో ఊహించడం మా వల్ల కాదు.