ముందు ఆడనివ్వండి, తర్వాత ఆసనం

ఈ వారం మాచర్లలో ఓ బడిలో పిల్లల యోగా ప్రదర్శనకు సాధన జరుగుతుంటే చూశాను. ఏడో తరగతి పిల్లలు. వృక్షాసనంలో సగంమంది ఒంటికాలి మీద నిలవలేక పక్కవాడి భుజం పట్టుకున్నారు. గొంతుక్కూర్చోమంటే మడమలు నేలకు ఆనలేదు. ‘కదలొద్దు, కదలొద్దు’ అని సారు ఒకటే అరుపు. నాకు కోపమొచ్చింది పిల్లల మీదా కాదు, సారు మీదా కాదు. 12 ఏళ్లు కదలనివ్వకుండా పెంచి, ఇవాళ నిలకడ చూపించమంటున్న పెద్దలందరి మీద.

ఒంటికి నిలకడ వచ్చేది ఆటలోనే. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల ఒంటికాలిమీద గెంతుతూ, గీత తొక్కకుండా బిళ్ళను నెడుతుంది. చీలమండ, మోకాలు, తుంటి కలిసి సర్దుకోవడం అక్కడే అలవడుతుంది. ఒప్పులకుప్ప తిరిగితే లోపలి చెవిలో తూకం చూసే భాగానికి పని పడుతుంది. కోతికొమ్మచ్చిలో కొమ్మకు వేలాడితే భుజాలకు, మణికట్లకు బలం. చెడుగుడులో పడి, దొర్లి లేచినవాడికి పడతానన్న భయం పోతుంది. కూచిపూడిలో అరమండిలో కూర్చోవాలన్నా, ఎగిరి మెత్తగా దిగాలన్నా, ఇత్తడి పళ్ళెం అంచుల మీద తరంగం ఆడాలన్నా ఇవన్నీ కావాలి. ఒకే భంగిమను వందసార్లు చేయించిన ఒంటికంటే పాకి, దొర్లి, వేలాడి, దూకిన ఒంటికి కొత్త ఆసనమైనా, కొత్త అడుగైనా త్వరగా పట్టుబడుతుంది.

చిన్న తరగతులకు యోగా చెప్పే టీచర్లకు నా మనవి. మండూకాసనానికి ముందు పిల్లల్ని వరండా పొడుగునా కప్పగెంతులు వేయించండి. మకరాసనానికి ముందు మొసళ్ళలా పాకించండి. మార్జాలాసనంలో ఉన్నవాళ్ళ పొట్టల కింద నుంచి మిగతావాళ్ళను దూరి పొమ్మనండి. నవ్వుతారు, అల్లరి చేస్తారు. చేయనివ్వండి. మన ఊళ్ళలో కోలాటం గురువులున్నారు. వారానికి రెండు పీరియడ్లు వాళ్ళను పిలవండి. జడకోపు వేసేటప్పుడు తాడు, కర్ర, అడుగు, ఎదుటివాడు, అన్నీ ఒకేసారి చూసుకోవాలి. అంతకంటే మంచి శిక్షణ ఏ వీడియోలోనూ దొరకదు.

2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. సంతోషం. ఆ పట్టుదల బడి మైదానాల మీద ఎందుకు లేదు? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ప్రపంచంలో 11–17 ఏళ్ల వాళ్ళలో 81 శాతానికి అది అందడం లేదని అదే సంస్థ 2019లో తేల్చింది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని షెడ్యూలులోనే రాసింది. అయినా దుకాణాల పైఅంతస్తుల్లో బడులు నడుస్తూనే ఉన్నాయి. మాచర్లకు దగ్గర్లోనే, అనుపులో, నాగార్జునసాగర్ నీళ్ళలో మునగకుండా తెచ్చి మళ్ళీ కట్టిన ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం ఉంది. మధ్యలో ఆడే నేల, చుట్టూ మెట్ల వరుసలు. పదిహేను వందల ఏళ్లకు ముందే ఈ కృష్ణా లోయ జనం ఆటకు ఇటుకలు పేర్చి చోటు కట్టుకున్నారు. మనమేమో ఉన్న ఆటస్థలాన్ని సైకిల్ స్టాండు చేస్తున్నాం.

ఇంతకన్నా బాధపెట్టేది ఆడపిల్లల సంగతి. పెద్దమనిషి కాగానే గెంతులు బంద్. ఆ 81 శాతం లెక్కలోనే మగపిల్లలు 78, ఆడపిల్లలు 85. రోజంతా మిరపచేలో వంగి కాయలు కోసే తల్లి కూడా, నలుగురూ ఏమంటారోనని కూతురిని పరుగెత్తనివ్వదు. బడి ఆ భయాన్ని పోగొట్టాల్సింది పోయి, ఆటల పీరియడ్‌లో ఆ పిల్లల్ని చెట్టుకింద కూర్చోబెట్టి నోట్సు రాయిస్తోంది. వార్షికోత్సవం నాడు మాత్రం వాళ్ళే స్టేజీ మీద డాన్సు చేయాలి! హెడ్మాస్టర్లూ, అమ్మానాన్నలూ, ఆ పిల్లలకు ఆటలాడే బట్టలు, శుభ్రమైన మరుగుదొడ్డి, రోజుకో గంట మైదానం ఇవ్వండి. ఆ గంటలో లెక్కల క్లాసు పెట్టకండి.