గిన్నెలు తోము పాట



మొన్నటి ఆదివారము మా అమ్మాయి పెరటిలో అంట్లు తోముచు సెల్‌ఫోనులో నొక పాట పెట్టుకొని వినుచుండెను. డ్రమ్ముల మోత, గిటారుల హోరు, వాని నడుమ తేటయైన ఆడుగొంతులు. అదేమి గోల, ఆపుమంటిని. "అమ్మా, గిది గిన్నెలు తోమే పీచు మీద పాటనే!" అని అది నవ్వినది. ఆ మాటతో నా కోపము చల్లారి, పీట వాల్చుకొని కూర్చుంటిని.

పాడినవారు జపాను దేశమందలి ఒసాకా నగరపు ‘షోనెన్ నైఫ్’ అను బృందమువారు. నవోకో యమానో, ఆమె చెల్లెలు అత్సుకో, స్నేహితురాలు మిచియె నకతాని, ఈ మువ్వురును 1981లో దానిని నెలకొల్పిరి. రంగస్థలమున ధరించు దుస్తులను అత్సుకోయే రూపొందించెడిది. మేము విన్నది 1992లో వెలువడిన ‘లెట్స్ నైఫ్’ అను ఆల్బము. అందు సైకిలు తొక్కుటలోని సంబరము ఒక పాట, రాకెట్టుపై స్వారి యొక పాట, ఎగిరివచ్చు జెల్లీ మిఠాయి యొక పాట. పీచుపాటలోనిది తాబేలు గుర్తు పీచు. ఆ దేశపు వంటయిండ్లలో నూఱేండ్లకు పైబడి వాడుకలో నున్న సరకు. నారను తీగెతో మెలిపెట్టి, వంచి, చేతి కిముడునట్లు చేయుదురు. మన కొబ్బరిపీచు చేయు పనియే దానిదియు. మసిబట్టిన గిన్నె అడుగు ఏ దేశములోనైనను ఒక్కటియే కదా!

ఈ తీరు సంగీతమును పంక్ అందురు. 1970ల నడుమ న్యూయార్కు, లండను నగరములలోని యువకులు విసుగుతోను కోపముతోను పుట్టించినది. వడిగల తాళము, కొలదిపాటి స్వరముల కూర్పు, అంతియే. ఈ మువ్వురును ఆ వడిని పుచ్చుకొని కోపమును విడిచిరి. 1991లో ‘నిర్వాణ’ అను అమెరికా బృందము తమ ఇంగ్లండు పర్యటనకు వీరిని వెంటబెట్టుకొని పోయినది. దుఃఖమును, ఆక్రోశమును పాడుటలో పేరుపడిన ఆ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్, వీరి కచేరి చూచినపుడు తాను కేకలు పెట్టు చిన్న ఆడపిల్ల నైతినని చెప్పుకొనెను. నవోకో అరువదేండ్లు దాటియు పాడుచునే యున్నది. 2023లోను ఒక క్రొత్త ఆల్బము వెలువడినది.

పీచును, మిఠాయిని పాడుట పాటయేనా యని మా యింటికి వచ్చిన పెద్దమ్మ యొకరు మూతి త్రిప్పిరి. నేనును మొదట అట్లే తలచితిని. నాయన యెదుట కూర్చుండి భాగవతము చదివినదానను గదా! కాని ఆ భాగవతముననే బమ్మెర పోతనగారు గోపబాలుర చలిది ముద్దలను, వ్రేళ్ళసందుల ఊరుగాయలను ఎంత ప్రీతితో వర్ణించిరి! మన భూపాలపల్లి జిల్లా చల్లగరిగెలో పుట్టిన చంద్రబోసుగారి ‘నాటు నాటు’ పాటలో జొన్నరొట్టెయు తొక్కును ఉన్నవి; దానికి 2023 మార్చిలో ఆస్కారు బహుమానము వచ్చినది. ఆ పాటగల చిత్రమును జపానువారు 2022 అక్టోబరు నుండి విరగబడి చూచిరి. ఆడువారే మగవేషములును వేయు తకరజుక నాటకసంఘము 2024లో దానిని రంగమున కెక్కించినది. అక్కడివారు మన రొట్టెపాటకు గంతులు వేయగా, మేము వారి పీచుపాటకు తల యూపితిమి.

నన్ను కలచినది వేఱొకటి. పాట ముగిసిన పిమ్మట అమ్మాయి, "మరి అమ్మమ్మవాళ్ళు పని చేసుకుంట ఏం పాడెటోళ్ళు?" అని యడిగినది. దంపుడుపాటలని చెప్పితిని. "ఒక్కటి పాడు" అన్నది. నా నోట ఒక్క చరణమైనను రాలేదు. నూఱు పద్యములు కంఠస్థమై యున్నవి. కన్నతల్లి రోకటిపోటుతో పాడిన పాట లేదు. వడ్లకు మర, కారమునకు మిక్సీ వచ్చినవి. చేయి నొప్పి తగ్గినది, అందుకు విచారింపను. పాట యెప్పుడు పోయినదో గమనింపనైతినే యని మాత్రము సిగ్గుపడితిని.

ఆ రాత్రియే మా అమ్మకు ఫోను చేసి యడిగితిని. ఆమె కొంతసేపు కూనిరాగము తీసి, "రోకలి చేతిల లేకుంటే పాటెట్ల యాదికొస్తది బిడ్డా?" అన్నది.

వచ్చు నెల ఆమె కాటారము వచ్చుచున్నది. అటకమీది రోకలిని మా వారిచేత దింపించి, బూజు దులిపి, కడిగి యెండబెట్టితిని. దంపుటకు పసుపుకొమ్ములు తెప్పించితిని. ఫోనులో పాట పట్టుట మా అమ్మాయి వంతు.