లారీ ఎత్తు ఫోనుకేం తెలుసు?

సందులో ఇరుక్కుపోయిన లారీ ఫొటో వాట్సాప్‌లో అప్పుడప్పుడూ అందరికీ వస్తూనే ఉంటుంది. అటు కరెంటు స్తంభం, ఇటు ఎవరిదో ప్రహరీ గోడ. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. కింద ఎవరో ఒకరు రాస్తారు: ‘ఫోను చూసుకుంటూ వచ్చేశాడట!’ ఆ వెనకే నాలుగు నవ్వు బొమ్మలు. ఆ నవ్వులో కనిపించని లెక్క ఒకటుంది. విరిగిన స్తంభానికి, కూలిన గోడకు, ఊరికే కాలిపోయిన డీజిలుకు డబ్బు ఎవరు కడతారు? దారి చూపిన ఫోనైతే కట్టదు. చాలాసార్లు స్టీరింగు పట్టుకున్నవాడి జీతంలోంచే పోతుంది.

అసలు తిరకాసు ఎక్కడుందో చూద్దాం. ‘జీపీఎస్ మోసం చేసింది’ అనేస్తాం గానీ, పాపం జీపీఎస్ చేసే పని చాలా చిన్నది. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, మనం ఫలానా చోట ఉన్నామని ఫోను లెక్కగడుతుంది. జీపీఎస్ పని అక్కడితో సరి. ఆ చోటు చుట్టూ రోడ్ల గీతలు గీసేది మ్యాపు. ఆ గీతల్లో ఏది పట్టుకుంటే తొందరగా చేరతామో చెప్పేది యాప్‌లోని లెక్క. మనమున్న చోటు కచ్చితంగా చెప్పినంత మాత్రాన, ముందున్న దారి గురించి కూడా అంతే కచ్చితంగా చెబుతుందని నమ్మడంలోనే ఉంది చిక్కంతా.

మనలో ఎక్కువమంది ఫోన్లలో ఉండే మ్యాపులో కారు బొమ్మ ఉంటుంది, బైకు బొమ్మ ఉంటుంది, బస్సు, నడక కూడా ఉంటాయి. లారీ బొమ్మ ఉండదు. ‘ఎక్కడికి?’ అని అడుగుతుంది తప్ప, ‘ఎంత ఎత్తు? ఎంత బరువు?’ అని అడగదు. లారీ డ్రైవరు అడ్రసు కొట్టగానే అతణ్ని కారు నడిపేవాడి కింద జమకట్టేస్తుంది. 10 చక్రాల లారీ లోడుతో కలిపి చట్టప్రకారం 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. మామూలు కారు టన్నో, టన్నున్నరో. రెండింటికీ ఒకే దారి చెప్పడమంటే ఏనుక్కీ మేకకీ ఒకే గుమ్మం చూపించడమే.

దీనికి తోడు, రోడ్డు మీద పోయేవాళ్ల ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి మ్యాపు రద్దీని అంచనా వేస్తుంది. పల్లె రోడ్డు మీద కార్లు, బైకులు సాఫీగా పోతుంటే దాని దృష్టిలో ఆ రోడ్డు భేషుగ్గా ఉన్నట్టే. హైవే మీద బండ్లు ఆగాయనుకోండి, ‘ఇటు తిరిగితే 8 నిమిషాలు ఆదా’ అని ఆశపెడుతుంది.

మా వైపు ఒకాయన గుంటూరు మిర్చి లోడుతో ఊళ్లు తిరుగుతుంటాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఈ సంగతి కదిపితే ఇలా అన్నాడు:

‘‘మ్యాపు చెడ్డదని నేననను అబ్బాయ్. పరాయి రాష్ట్రంలో బోర్డులు వాళ్ల భాషలో ఉంటాయి, చదవలేం. అప్పుడు అదే దిక్కు. కానీ హైవే దించి పల్లెలోకి తిప్పిందంటే మాత్రం భయమేసిద్ది. కారైతే నాలుగు కోతలు కోసి వెనక్కి తిరిగిద్ది. మా బండి అట్టా తిరగదుగా! ఓసారి అర్ధరాత్రి పూట రెండు కిలోమీటర్లు రివర్సులో వచ్చా. పైన కరెంటు తీగలు, పక్కన పంటకాలవ.’’

‘‘మరి క్లీనరేం చేస్తున్నాడు బాబాయ్?’’

‘‘క్లీనరా? ఎక్కడున్నాడయ్యా! ఇప్పుడొచ్చే బాడుగలకి ఇద్దరికి జీతాలు ఎవడిస్తాడు? నేనొక్కణ్నే. దిగి చూసేది నేనే, ఎక్కి తోలేది నేనే.’’

ఈ ఒక్క మాటలో సగం కథ ఉంది. ఒకప్పుడు క్లీనరు దిగి, కిళ్లీకొట్టు దగ్గర దారి అడిగొచ్చేవాడు. తీగలు తగులుతాయేమో చూసేవాడు. వెనక నిలబడి ‘రానీ... రానీ...’ అనేవాడు. అతని సీటు ఖాళీ అయిన బండ్లలో ఆ పనంతా ఫోను మీద పెట్టాం. ఫోనుకు దిగి చూసే కాళ్లు లేవు.

ఇక తొందర సంగతి. సరుకు వెంట ఉండే ఈ-వే బిల్లుకు గడువుంటుంది. 2021 జనవరి నుంచి మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. ఓనరు ఫోనులో లారీ ఒక చుక్కలా కనిపిస్తూ ఉంటుంది. చుక్క కాసేపు కదలకపోతే ‘ఎందుకాపావ్?’ అని ఫోనొస్తుంది. అలాంటప్పుడు ‘8 నిమిషాలు ఆదా’ అన్న మాట ఎవరికి చేదు?

మన దారుల్లోనే చూడండి. రైల్వే గేట్లు తీసేసి చాలాచోట్ల పట్టాల కింద నుంచి తక్కువ ఎత్తు సబ్‌వేలు కట్టారు. కారుకు హాయిగా ఉంటుంది. గడ్డి లోడుతోనో, పత్తి లోడుతోనో వచ్చిన లారీకి అక్కడే ఆఖరు. కారు లెక్కన దారి చూపే మ్యాపుకు అదీ మామూలు రోడ్డే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాలను వదలరు. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లను పోనివ్వరు. సిటీల్లో పగటిపూట లారీలకు నో ఎంట్రీ వేళలుంటాయి. ఘాట్ రోడ్డు వస్తే మ్యాపు ఎన్ని కిలోమీటర్లో చెబుతుంది గానీ, ఎంత వాలుందో, ఏ గేరులో దిగాలో చెప్పదు. దిగుడంతా బ్రేకు తొక్కుతూ వస్తే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే పాత డ్రైవర్లు దిగుడు మొదలవకముందే గేరు తగ్గిస్తారు. ఆ మలుపు ఎక్కడ మొదలవుతుందో ముందే తెలియాలి కదా!

దారి మారిపోయిన కబురు మ్యాపుకు చేరకపోతే ఏమవుతుందో 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో చూశాం. బరేలీ వైపు వెళ్తున్న కారు, వరదలకు ఒక భాగం కొట్టుకుపోయిన వంతెన మీంచి రామగంగ నదిలో పడింది. ముగ్గురు చనిపోయారు. మ్యాపు ఆ దారి చూపిందన్నారు. వంతెనకు సరైన అడ్డు పెట్టలేదని రోడ్డు శాఖ ఇంజినీర్ల మీదా కేసు పెట్టారు. ఫోను తప్పు చెప్పినా సరే, అక్కడ గట్టి అడ్డు, ఒక ఎర్ర దీపం ఉండి ఉంటే?

బోర్డు పెట్టినంత మాత్రానా సరిపోదు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం డరమ్‌లో ఒక రైలు వంతెన ఉంది. ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. బోర్డులు పెట్టారు, దీపాలు పెట్టారు. ఎత్తు బండి వస్తే హెచ్చరించే ఏర్పాటూ చేశారు. అయినా ట్రక్కుల పైకప్పులు చీరుకుపోతూనే వచ్చాయి. చివరికి 2019లో వంతెననే 8 అంగుళాలు లేపారు. ఆ తర్వాత కూడా గుద్దినవాళ్లున్నారు.

అక్కడ ట్రక్కులకు వేరే నావిగేషన్ యంత్రాలు దొరుకుతాయి. బండి ఎత్తు, పొడవు, బరువు ముందే కొడితే దానికి తగ్గ దారి చెబుతాయి. అవి పనిచేయాలంటే ఏ వంతెన ఎంత ఎత్తు, ఏ కల్వర్టు ఎన్ని టన్నులు మోస్తుంది అన్న వివరాలు ఉండాలి. మన దగ్గర సబ్‌వే కట్టిన రైల్వేకి దాని ఎత్తు తెలుసు. వంతెన కట్టిన శాఖకు అది మోసే బరువు తెలుసు. ఆ వివరాలన్నీ మ్యాపులు చేసేవాళ్లకు ఎప్పటికప్పుడు అందేలా చేస్తే అందరికీ మేలు. ఇంకో చిన్న పని: ‘ఎత్తు ఇంతే’ అన్న బోర్డు సబ్‌వే నోటి దగ్గర కాదు, హైవే నుంచి తిరిగే మలుపు దగ్గర పెట్టాలి. లారీ వెనక్కి తిరగ్గలిగిన చోట చెబితేనే అది హెచ్చరిక.

ఈలోగా ఓనర్లు, బుకింగ్ ఆఫీసులవాళ్లు చేయగలిగిందీ ఉంది. లొకేషన్ ఒక్కటే పంపి ఊరుకోకుండా, సరుకు దించుకునే చోట ఉన్న మనిషి నంబరు కూడా ఇవ్వండి. ‘లారీ ఎటు నుంచి రావాలి?’ అని ముందే అడిగి పెట్టండి. హైవే మీద పది కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే డీజిలు లెక్క గట్టి కోయకండి. డ్రైవరన్నలకు బాబాయ్ చెప్పే సూత్రం ఒకటే: చీకటి పడ్డాక మ్యాపు హైవే దిగమంటే దిగొద్దు. ఎదురొచ్చే లారీవాణ్నో, టీకొట్టు ఆయన్నో అడగాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా.

మన వంతు కూడా కాస్త ఉంది. ఆ లారీలో ఉన్నది మన ఇంటికి రావాల్సిన బియ్యమో, సిమెంటో అయ్యుంటుంది. ఈసారి మీ వీధిలో ఇరుక్కుంటే ఫొటో తర్వాత తీసుకోవచ్చు. ముందు మీ బైకు పక్కకి తీసి, డ్రైవరుకు అద్దంలో కనబడేలా ఓ పక్కగా నిలబడి ‘రానీ... రానీ...’ అనండి.