మీ వీధి చివర ఖాళీస్థలం

"డాక్టరుగారూ, ఇల్లు అద్దంలా ఉంచుకుంటాం. మా పిల్లవాడికి డెంగీ ఎలా వచ్చింది?" అని ఆమధ్య ఒక తల్లి నన్ను అడిగింది. పిల్లవాడికి తొమ్మిదేళ్లు. జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తున్న రోజునే కడుపునొప్పి, వాంతులు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో రెండు రాత్రులు గడిస్తేగాని గండం గడవలేదు.

ఆమె ప్రశ్నకు జవాబు ఇంట్లో లేదు, ఇంటి పక్కన ఉంది. లే-అవుట్ వేసినప్పుడు అందరికోసమని వదిలిన స్థలం అది. పాత టైర్లు, తాగి పారేసిన కొబ్బరిబొండాలు, ప్లాస్టిక్ కప్పులు అక్కడ పోగుపడ్డాయి. వాటిలో గుక్కెడు వాననీరు నిలిస్తే చాలు, ఏడెస్ దోమ గుడ్లు పెడుతుంది. వారం పదిరోజుల్లో అవి దోమలవుతాయి. నీరు ఎండినా గుడ్లు చావవు. నెలల తరబడి అంటుకుని ఉండి, వాన పడగానే పొదుగుతాయి. ఈ దోమ పగటిపూట కుడుతుంది, ఎక్కువ దూరం ఎగరదు. కనుక మిమ్మల్ని కుట్టిన దోమ చాలావరకు మీ వీధిలో పుట్టినదే!

దోమలతోనే పోదు. చెత్త ఉన్నచోటికి ఎలుకలు, ఎలుకల కోసం పాములు, ఎంగిలాకుల కోసం కుక్కలు వస్తాయి. వయ్యారిభామ మొక్కవల్ల కొందరికి దురద, దద్దుర్లు, ఉబ్బసం కలుగుతాయి.

ఆ వీధివారు మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకుని, అనుమతి పొంది, ఆ స్థలాన్ని చిన్న పార్కుగా మార్చుకున్నారు. మీరూ పూనుకోదలిస్తే ఈ జాగ్రత్తలు పాటించండి.

చెత్త ఎత్తేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. గాజుపెంకో మేకో గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి వెంటనే డాక్టరునడగండి. చెత్తకు నిప్పు పెట్టవద్దు. ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తులకు చేటు. వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్లతో పీకండి. గుంతలు పూడ్చి, నీరు కాలువలోకి పోయేలా వాలు ఇవ్వండి.

నీడకు వేప, కానుగ, నేరేడు మంచివి. పువ్వు అందంగా ఉంది కదా అని పచ్చగన్నేరు మాత్రం నాటవద్దు. దాని గింజలు పిల్లలు నమిలితే గుండెకే ముప్పు.

చుట్టూ నడకదారి, పెద్దలకు రెండు బెంచీలు ఉంటే చాలు. వారానికి ఐదురోజులు, రోజుకు అరగంట చురుకుగా నడిస్తే బి.పి., షుగరు అదుపులో ఉండటానికి ఎంతో తోడ్పడుతుంది. అయితే మందులు మానకండి.

ఒక్క హెచ్చరిక. పార్కు కూడా దోమల పుట్టిల్లు కాగలదు. కుండీల కింది పళ్లేలు, పిట్టలకు పెట్టే నీళ్ల మూకుళ్లు వారానికోసారి రుద్ది కడిగి ఆరబెట్టండి.

డెంగీ అనుమానముంటే జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడవద్దు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచి రక్తం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి రండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు సాయంత్రాలు ఆ స్థలంలోనే ఆడుకుంటున్నాడు. ఈ ఆదివారం మీ వీధి చివరిదాకా నడిచి చూడండి. అక్కడేముందో?