ఫొటో పెద్దదైతే మసకేల?

ఫోన్‌లో చూస్తే నానమ్మ ఫొటో చక్కగా ఉంటుంది. ముక్కుపుడక మెరుపు కూడా తెలుస్తుంటుంది. దాన్నే ఎన్‌లార్జ్ చేయించి ఫ్రేము కట్టిద్దామని స్టూడియోకి ఇస్తే... ముఖమంతా మసకమసక! ‘ప్రింటు సరిగా వేయలేదు’ అని స్టూడియో వాళ్ల మీద విసుక్కుంటారు చాలామంది. నిజానికి లోపం తరచూ ఇచ్చిన ఫైలులోనే ఉంటుంది.

డిజిటల్ ఫొటో చుక్కల ముగ్గులాంటిది. ఆ చుక్కలే పిక్సెళ్లు. 12 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఫొటోలో పొడవునా 4000, వెడల్పునా 3000 చుక్కలుంటాయి. 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేస్తే అంగుళానికి 220కి పైగా చుక్కలు పడతాయి. గోడమీది పటానికి అవి చాలు. అదే ఫొటో వాట్సప్‌లో చేతులు మారి, పొడవు 1600 చుక్కలకు తగ్గిపోయిందనుకోండి. అంగుళానికి 90 కూడా రావు. చిన్న తెరమీద తెలియని తేడా గోడమీద బయటపడుతుంది.

మరి కంప్యూటర్‌లో పెద్దది చేసుకోవచ్చుగా? చేయొచ్చు. కానీ అది పక్క చుక్కల రంగులు చూసి మధ్యలో కొత్తవి పూరిస్తుందంతే. పోయిన వివరం తిరిగి రాదు. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు కనురెప్పల్ని సైతం స్పష్టంగా గీసేస్తాయి. అయితే అదంతా ఊహ. ఫొటో పదునుగానే వస్తుంది... అందులో ఉన్నది నానమ్మేనా అన్నదే సందేహం!

చిన్నది చేయడం మాత్రం తేలికే. కాస్త జాగ్రత్త పడితే స్పష్టత పోదు.

* అసలు ఫైలును ముట్టుకోవద్దు. కాపీ తీసుకుని దాన్నే మార్చండి.

* కావాల్సిన సైజుకు ఒకేసారి తగ్గించండి. జేపీఈజీ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

* పొడవు, వెడల్పుల నిష్పత్తి మారకూడదు. మారితే ముఖం సాగినట్లు కనిపిస్తుంది.

* ఇర్ఫాన్‌వ్యూ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్ధతిలో తగ్గించాలో ఎంచుకునే వీలుంటుంది. ‘లాంజోస్’ ఎంచుకుంటే అంచులు స్పష్టంగా వస్తాయి.

* ‘షార్పెన్’ అన్నిటికన్నా చివర, అదీ కొద్దిగానే. ఎక్కువైతే అంచుల చుట్టూ తెల్లటి గీతలు తేలతాయి.

* వాట్సప్‌లో పంపాల్సివస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు ఉన్నదున్నట్లు చేరుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ల ఫొటోలు ఎవరి ఫోన్‌తో తీశారో కనుక్కుని, అసలు ఫైళ్లు ఇప్పుడే తెప్పించి దాచుకోండి. ఆ ఫోన్ పాడయ్యాక ఎంత వెతికినా దొరక్కపోవచ్చు.